ఆరు దుకాణాల ఊరేగింపు

డబ్లిన్, ఐర్లాండు
28 ఏప్రిల్ 2002

బావా,

అక్కకి, పిల్లకి నా ప్రేమ. నీకు నమస్కారం మాత్రం షరతు మీద. ఈ ఉత్తరం అందేనాటికి నువ్వు తాగకుండా ఉంటే తీసుకో, లేకపోతే తిరుగు టపాలో పంపించెయ్యి.

నేను క్షేమం. చేపకి ధర ఎవడు కడతాడో, ఎలా కడతాడో చూసి రమ్మని కదా మన జాలరిపేట సంఘం నన్ను రెండు నెలలకి ఇక్కడికి పంపింది. చూస్తున్నాను. ఇక్కడా దళారి దళారే, కాకపోతే కోటు వేసుకుంటాడు. ఊరికి ఉత్తరాన చేపల రేవులో పాడ్రిగ్ అనే ముసలి జాలరి ఇంట్లో నా మకాం. మంచివాడు. కానీ కోటు మీద ఎప్పుడూ దేవుడి గుండె బొమ్మ ఉన్న చిన్న పిన్ను పెట్టుకుంటాడు. నాకు ఒళ్ళు మండి, దేవుడు లేడని మన కరపత్రాల్లో ఉన్నదంతా నాకొచ్చిన ఇంగ్లీషులో రెండు పూటలు చెప్పాను. ఆయన నవ్వి టీ పోశాడు. నవ్వేవాళ్ళతో వాదించడం కష్టం.

ఇక్కడి సారా కొట్లని పబ్బులంటారు. వీధికి ఎన్ని ఉన్నాయో చూస్తే నీ కళ్ళు తిరుగుతాయి. పేటలో ఉన్న ఒక్క బ్రాందీ కొట్టు మూయించడానికి పాపాయమ్మ అత్త, మన ఆడవాళ్ళు ఎన్ని దెబ్బలు తిన్నారు! ఇక్కడ అడిగే నాథుడు లేడని నిన్నటిదాకా ఉడికిపోయాను. నిన్న సాయంత్రం వంతెన దగ్గర ఏం చూశానో విను. ఒక అమ్మాయి, నా ఈడుదే, ఎర్రజెండా పట్టుకుని నిలబడింది! చుట్టూ ఇరవైమంది, అందరికీ ఒకే రంగు చొక్కాలు. దగ్గరికెళ్ళి అడిగాను. "శనివారం శనివారం బయల్దేరతాం. ఆరు పబ్బులు. ఒకదాని తరవాత ఒకటి. నువ్వూ రా" అంది.

బావా, ఆ మాట వినగానే నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఎందుకు అని నేనెందుకడుగుతాను? మన పేటలో ఎర్రజెండా పట్టుకుని జనాన్ని వెంటేసుకుని కొట్టు తరవాత కొట్టుకి ఎవరైనా వెళ్తే దేనికి వెళ్తారు? వచ్చే శనివారం నేనూ కలుస్తున్నాను. పాపాయమ్మ అత్తకి చెప్పు, మన పోరాటం సముద్రాలు దాటిందని.

ఇక నీ సంగతి. వేట నిషేధం నడుస్తోంది, బోట్లన్నీ హార్బర్లో కట్టేసి ఉంటాయి. బోటు డ్రైవరుకి పని లేని రోజులంటే ఏమిటో నాకు తెలుసు. కిందటేడు సరిగ్గా ఈ రోజుల్లోనే కదా అక్క పిల్లని ఎత్తుకుని మా ఇంటికి వచ్చేసింది. అది మళ్ళీ నీ గుమ్మం ఎక్కింది నా పూచీ మీద. ఈసారి తప్పావంటే అది రాదు, నేనూ రానివ్వను.

అప్పుడు నువ్వు నా నెత్తి మీద చెయ్యేసి మానేస్తానన్నావు. మాట తప్పితే నాకేదో అవుతుందని నీ భయం. అది శుద్ధ మూఢనమ్మకం. ఆ చెయ్యి తీసెయ్ బావా. ఆలోచించి మాను, భయపడి కాదు. ఇంట్లో నా పెట్టెలో 'సారా ఎవరి లాభం' అనే చిన్న పుస్తకం ఉంది, చదువు.

ఉద్యమాభినందనలతో,
గురువులు


డబ్లిన్
5 మే 2002

బావా,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు. అక్కకి కూడా చెప్పకు. పాపాయమ్మ అత్తకి అస్సలు చెప్పకు.

నిన్న వెళ్ళాను. ఆ అమ్మాయి పేరు షివోన్. నాకూ ఒక చొక్కా ఇచ్చారు, తొడుక్కున్నాను. ఎర్రజెండా ముందు, మేం వెనక. సాయంత్రం ఎనిమిదైనా ఇక్కడ పట్టపగల్లా ఉంటుంది, ఊరేగింపుకి భలే అనువు. మొదటి పబ్బు గుమ్మంలో షివోన్ ఆగి ఉపన్యాసం ఇచ్చింది. పూర్వం ఈ రేవులో బస్తాలు మోసే కూలీలకి కూలి డబ్బులు పబ్బులోనే చేతికిచ్చేవారట, సగం అక్కడే తాగి సగం ఇంటికి తెచ్చేవారట. నాకు మన హార్బరు కళ్ళముందు కనపడింది. ఆపుకోలేక "షేమ్! షేమ్!" అని అరిచాను. అందరూ "షేమ్! షేమ్!" అన్నారు. నవ్వుతూ అన్నారు. దొరల పద్ధతేమో అనుకున్నాను.

లోపలికెళ్ళాం. కాఫీ డికాషన్‌లా నల్లగా ఉండే బీరు, మీద తెల్ల నురగ, తలా ఒక గ్లాసు చేతికొచ్చింది. అబ్బ, యజమాని ఎంత తేలిగ్గా సరుకు అప్పగించేశాడు అనుకున్నాను. మన దగ్గరైతే కర్రలు పట్టుకుని వచ్చేవాళ్ళు. గ్లాసు పట్టుకుని వీధిలోకొచ్చాను. సారా ప్యాకెట్లు పారబోసేటప్పుడు పాపాయమ్మ అత్త ఎలా ఎత్తి పట్టుకునేదో అలాగే ఎత్తి, గొంతు చించుకుని "మద్యం రక్కసి నశించాలి!" అని మొత్తం కాలవలో పోసేశాను.

అందరూ నా వైపు తిరిగారు. తరవాత షివోన్ నెమ్మదిగా అడిగింది, "ఎవరైనా చనిపోయినవాళ్ళ కోసమా?" అని. తాగి సముద్రంలోకి వెళ్ళి తిరిగిరాని మనవాళ్ళ సంగతి ఇంగ్లీషులో చెప్పబోయాను. "సముద్రం. మా మనుషులు" అన్నంతవరకే వచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకుంది. గ్లాసు తెచ్చి ఒక గుక్కెడు నేలమీద పోసింది. ఆ వెనక ఒక్కొక్కరూ వచ్చి పోశారు. బావా, నేను ఏడ్చాను. ఇరవైమంది పరాయి దేశస్థులు సారా నేలపాలు చేస్తుంటే విప్లవం ఇంత సులువా అనుకున్నాను.

గుక్కెడు పోసి మిగతాది తాగేస్తున్నారని రెండో పబ్బులో కనిపెట్టాను.

మూడో పబ్బులో నిజం తెలిసింది. నేను నేర్పిన మాట పట్టుకుని, గ్లాసుకి గ్లాసు తగిలించి, "నషిన్చాలీ!" అని అరిచి తాగుతున్నారు! ఇది ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళని వరసగా తాగించే యాత్ర బావా. ఎర్రజెండా ఎందుకయ్యా అంటే జనం తప్పిపోకుండా. అంతే. నేను స్టూలెక్కి అందర్నీ తిట్టాను. ఇంగ్లీషు అయిపోయాక తెలుగులో తిట్టాను. చప్పట్లు కొట్టారు! నా కోపానికి చప్పట్లు కొట్టారు! పబ్బు యజమాని మెచ్చుకుని నాకు ఇంకో గ్లాసు ఉచితంగా పంపాడు.

లేచి వచ్చేశాను. చుక్క ముట్టలేదు. ఇంటికొచ్చి జరిగింది చెప్తే పాడ్రిగ్ తాత కడుపు పట్టుకుని నవ్వి, తరవాత నవ్వడం మానేసి, కోటు మీది పిన్ను విప్పి నా చేతిలో పెట్టాడు. అది దేవుడి నగ కాదట. జీవితంలో తాగనని మాటిచ్చినవాళ్ళు పెట్టుకునే గుర్తట. "ఏ పుస్తకం చదివి మానేశావు తాతా?" అన్నాను. "పుస్తకమా? మా అమ్మకి మాటిచ్చాను" అన్నాడు. ఇంకేమీ లేదట.

నాకు నిద్ర పట్టలేదు.

సిగ్గుతో,
గురువులు

తా.క. చింపేద్దామని ఇన్నాళ్ళూ జేబులోనే మోశాను. ఈరోజు తొమ్మిదో తారీఖు, మనసు మార్చుకోకముందే పోస్టు డబ్బాలో వేసేస్తున్నాను.


జాలరిపేట, విశాఖపట్నం
10 మే 2002

బామ్మర్దీ,

నీ షరతు నమస్కారం నాకే దక్కింది. తిరుగు టపా లేదు.

నాను రాసీది ఏడో తరగతి తెలుగు, నవ్వకు. నీ ఉత్తరం హార్బర్లో వలలు బాగుసేత్తన్నోళ్ళందరికీ గట్టిగా సదివి వినిపించినాను. ఐసు ప్లాంటోళ్ళు కూడా పని ఆపేసి వచ్చినారు. పాపాయమ్మత్త సేపల గంప దించేసి, "ఓలమ్మో, మన గురువులు దొరల కొట్లు మూయించీత్తన్నాడే!" అని ఒకటే మురిసిపోనాది. సంఘం పెసిడెంటు జగ్గయ్య ఊరుకుంటాడేటి? ఆఫీసు గోడ మీద బోర్డు రాయించీసినాడు. "మన గురువులు ఐర్లాండులో ఆరు మద్యం దుకాణాలపై దండయాత్ర" అని. పెదవాల్తేరు నుంచి కూడా వచ్చి సూసెల్తన్నారు. నివ్వు తిరిగొచ్చిన్నాడు దండలేసి ఊరేగిత్తారట. నాను డప్పులు మాట్లాడీసినాను.

మీ అక్క బాగుంది. పిల్ల పళ్ళొచ్చి నా యేలు కొరికేత్తంది.

నా సంగతి అడిగినావు. నిజం సెప్తాను. పొద్దు గడవడం నేదు గురువులూ. బోటుకి రంగులేసినాను. వల కుట్టినాను. మళ్ళీ ఇప్పి మళ్ళీ కుట్టినాను. సాయంత్రమైతే నాలిక పీకేత్తాది. అప్పుడు ఆఫీసు కాడికెల్లి ఆ బోర్డు సూసొత్తాను. ఆడు అక్కడ ఆరు కొట్ల మీదకెల్తంటే, నాను ఇక్కడ పెదవాల్తేరులో ఒక్క కొట్టు ముందు నుంచి నడిసెల్లిపోలేనా అనుకుంటాను. అదే నాకిప్పుడు మందు.

నీ పుత్తకం సదివినాను. రెండో పేజీలో నిద్దరొచ్చింది. అదీ మంచిదే.

మీ బావ,
సూరన్న


జాలరిపేట
16 మే 2002

గురువులికి,

నీ ఫోటో వచ్చింది. సంఘం పేరు మీదే వచ్చింది. కవరు జగ్గయ్య అందరి ముందూ సింపినాడు.

నడిమధ్యన నివ్వు. ఒంటి మీద ఆళ్ళ సొక్కా. సేతిలో నిండు గళాసు పైకెత్తి, నోరు ఇంత తెరిసి. సుట్టూ గళాసులట్టుకుని నవ్వుతున్న దొరలు, దొరసానులు. ఎనకాల ఇంగ్లీషులో ఏదో రాసుంది. ద్వారకానగర్లో కోచింగు సెంటరు మాస్టారి కాడికి అట్టుకెల్లి సదివించినాం. "ఆ సాయంత్రానికి మా నాయకుడు ఇతనే, ఎప్పటికీ మరిచిపోం" అని ఉందంట. మాస్టారు సదివి ఇకిలించినాడు. జగ్గయ్య మొకం సూడలేకపోనాను.

నాయకుడంట.

మీ అక్క నమ్మనేదు. "మా తమ్ముడు తాగడు" అంది. ఫోటో సూపించినాను. అది సూసి లోపలికెల్లిపోనాది.

ఇన్నాళ్ళూ ఆ బోర్డు సూసుకుని నాలిక నొక్కుకున్నాను గదరా. అక్కడ నివ్వు తాగొచ్చు, ఇక్కడ నాను మానాలా? సదువుకున్నోడికి ఒక నాయం, బోటు నడిపీవోడికి ఒక నాయమా?

సెయ్యి తీసీమన్నావు గదా, మూఢనమ్మకం అన్నావు గదా. సరే. తీసేత్తన్నాను.

సూరన్న


డబ్లిన్
27 మే 2002

బావా, బావా,

నీ రెండు ఉత్తరాలూ ఇవాళే చేతికొచ్చాయి. మొదటిది చదివి తల గోడకేసి కొట్టుకున్నాను. రెండోది చదివాక కూర్చుండిపోయాను.

ఆ ఫోటో సంగతే నేను మరిచిపోయాను! మొదటి పబ్బు ముందు, గ్లాసు పారబోయబోయే ముందు షివోన్ తీసింది. అప్పటికి నాకింకా ఏమీ తెలీదు. పొంగిపోయి, మా పేట జనం చూడాలి పంపించమని సంఘం చిరునామా నేనే రాసిచ్చాను. ఆమె మాట నిలబెట్టుకుంది. నేను ఐదో తారీఖున నీకన్నీ రాశాను బావా, సిగ్గుపడి ఆలస్యంగా వేశాను. అందిందా? అందకపోతే ఇదైనా నమ్ము. అందులో ఉన్నది నా చేతిలో పారబోయబోతున్న గ్లాసు. నేను చుక్క తాగలేదు. నా తప్పల్లా ఎర్రజెండా కనపడితే వెనక ఏముందో అడక్కపోవడం.

మధ్యాహ్నం పాడ్రిగ్ తాత ఫోన్ కార్డు పెట్టి పేటలో తారిఖ్ భాయ్ ఎస్టీడీ బూత్‌కి చేశాను. నిన్ను పిలవమన్నాను. తారిఖ్ భాయ్ అటూ ఇటూ నసిగి, "ఏం చెప్పాలి గురువులూ, ఆ ఫోటో వచ్చిన రోజు మీ బావ కాగితంలో చుట్టిన సీసా పట్టుకుని పడవల వైపు పోతుంటే నేనే చూశాను భయ్యా" అన్నాడు. తరవాత ఏమైందని అరిచాను. కార్డు అయిపోయింది.

ఆ క్షణం నుంచి నాకు అన్నం దిగడం లేదు. ఇన్ని పుస్తకాలు వెంట తెచ్చుకున్నాను కదా, ఒక్కటీ పనికి రావడం లేదు. అక్క పెట్టె సర్దుకోవడమే కళ్ళముందు కనిపిస్తోంది. పిల్ల నీ వేలు వదలనని ఏడుస్తున్నట్టు. దీనికంతటికీ నేనే కారణం. భయపడి కాదు, ఆలోచించి మానమని నీకు పాఠం చెప్పాను. నీ ఆలోచనంతా నా మీద పెట్టుకుని బతికావని నాకు తెలీదు.

బావా, ఒక్కటే అడుగుతాను. కోపం ఎంతైనా పడు. వచ్చాక జనం ముందు నన్ను తన్ను, పడతాను. జరిగిందేదో జరిగింది, అది ఒక్క రోజే అయితే అక్కకి నేను చెప్పుకుంటాను. కానీ ఆ చెయ్యి తియ్యకు. నా నెత్తి మీదే ఉంచు. మూఢనమ్మకం కాదని అనను. మూఢనమ్మకమే. అయినా ఉంచు.

నీ బామ్మర్ది,
గురువులు


జాలరిపేట
6 జూన్ 2002

ఒరే గురువులు,

అన్నం తిను. ముందు అన్నం తిని తరవాత సదువు.

తిన్నావా? నాను తాగనేదు.

నీ కంగారు ఉత్తరం నిన్న వచ్చింది. నాను వేటలో ఉన్నాను. నిషేధం అయిపోనాది గదా, ఒకటో తారీఖు తెల్లారకముందే బోట్లన్నీ దూసుకుపోనాయి. ఇవాళ ఒడ్డుకొత్తే మీ అక్క ఉత్తరం సేతిలో ఎట్టి, "ముందు ఆడికి జాబు రాయి, తరవాతే నీకు కూడు" అన్నాది. అందుకే సేపల వాసనతో రాత్తన్నాను.

తారిఖ్ భాయ్ సూసింది నిజమే. ఆ రోజు నీకు ఉత్తరం రాసీసి, డబ్బాలో ఏసీసి, పెదవాల్తేరు కొట్లో సీసా కొన్నాను. మన పేటలో దొరకదు గదా, పాపాయమ్మత్త పుణ్యం. పట్టపగలే పడవల మాటుకెల్లి కూకున్నాను. మూత ఇప్పినాను. వాసనొచ్చింది. నోరూరింది, అబద్ధం సెప్పను. ఎదురుగా సముద్రం. ఆ ఎదవ దీనికి ఆ సివర ఎక్కడో ఉన్నాడు అనుకున్నాను. మళ్ళీ ఓ ఆలోచనొచ్చింది. ఉత్తరంలో సెయ్యి తీసేత్తన్నానని రాసీసినాను. గానీ ఎలగ తీత్తారు? ఎట్టినప్పుడు ఆడి నెత్తి నా ముందుంది. ఇప్పుడు నెత్తి అక్కడుంది, నాను ఇక్కడున్నాను. తియ్యాలంటే ఆడు ఎదురుగా ఉండాల గదా! ఇప్పుడు నాను తాగితే, ఆడికక్కడ ఏ బస్సో గుద్దితే, మీ అక్కకి నా మొకం ఎలగ సూపించాల? ఆడు తాగుబోతే అవనీ, ఎదవే అవనీ, నెత్తి మాత్రం మా ఇంటి నెత్తే.

ఇసకలో పోసీసినాను. మొత్తం.

ఎనకనుంచి ఎవరో, "సరిగ్గా పొయ్యి, అడుగున మిగిల్తాది" అన్నారు. పాపాయమ్మత్త! గంప నెత్తినెట్టుకుని ఎప్పట్నుంచి నిలబడుందో. "నివ్వు సూత్తన్నావేటి?" అన్నాను. "తాగితే నీ నెత్తి మీద గంప దించుదామని సూత్తన్నాను" అన్నాది. తరవాత కూకుని ఫోటో అడిగినాది. జేబులోనే ఉంది. ఎండలో ఎట్టి అటూ ఇటూ తిప్పి సూసి, "మీరందరూ గుడ్డోళ్ళేట్రా? తాగీవోడు గళాసు నోటి కాడ ఎట్టుకుంటాడు గానీ అంత ఎత్తున ఎత్తుతాడేటి? ఇది తాగీ సెయ్యి కాదు, పారబోసీ సెయ్యి. ఈడికి ఎత్తడం నాను నేర్పినాను" అన్నాది.

నాను నమ్మినానా నేదా అంటే, సగం నమ్మినాను. మరో నాలుగు రోజులకి నీ ఐదో తారీఖు ఉత్తరం వచ్చింది. నువ్వొక్కడివే సదువు అన్నావు. సదివినాను. ఆపుకోలేక మీ అక్కకి వినిపించినాను. అది నవ్వి నవ్వి పొలమారిపోనాది. అది పాపాయమ్మత్తకి సెప్పీసింది. ఇంక మిగిలిందెవరు? ఇప్పుడు హార్బర్లో టీ గళాసులు తగిలించుకుని పిల్లకాయలంతా "నషిన్చాలీ!" అని తాగుతున్నారు. నీ మొకం ఎక్కడ దాసుకుంటావో నీ ఇట్టం.

ఒక్క మాట. ఆ ఉత్తరం ఫోటో కంటే ముందొచ్చుంటే నాకు కోపమే వచ్చేది కాదు. అది నిజమే. గానీ కోపమొచ్చి, సీసా సేతిలో ఉండి, సుట్టూ ఎవరూ నేరనుకుని కూడా నాను తాగనని నాకెలగ తెలిసేది? ఇప్పుడు తెలిసింది. నిన్న బోటు మీద వల లాగుతుంటే ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. వచ్చే యేడు నిషేధమంటే నాకు బెంగ నేదు.

జగ్గయ్య బోర్డు తుడిసీత్తానన్నాడు. పాపాయమ్మత్త ఒప్పుకోనేదు. "ఆరు కొట్లకెల్లలేదు, మూడు కొట్లకెల్లినాడు. ఇరవైమంది సేత గుక్కెడు గుక్కెడు నేల మీద పోయించినాడు. అదేటి తక్కువా?" అని ఆరు కొట్టించి మూడు రాయించినాది. దండలు తగ్గించినారు, డప్పులు మాత్రం ఉన్నాయి, నాను బేరమాడీసినాను గదా.

పాడ్రిగ్ తాతకి నా నమస్కారం సెప్పు. షరతు లేదు. ఆ పిన్ను లాంటిది ఇక్కడ దొరకదు, ఒకటి దొరికితే తే. దేవుడి బొమ్మున్నా నాకు పర్లేదు, నీతో వాదన నేదు.

సెయ్యి సంగతి. అక్కడ చలిగాలంట, మీ అక్క టోపీ ఎట్టుకోమంది. ఎట్టుకో. సెయ్యి దాని మీదుంటాది.

మీ బావ,
సూరన్న